చేటలో రాళ్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కుదిపేసినప్పుడు మా ఫ్లాట్‌లో పగిలింది రెండు కిటికీ అద్దాలే. మర్నాడు అందరితో పాటు నేనూ కిందికి దిగి విరిగిన కొమ్మలు లాగాను. కరెంటు లేనన్ని రోజులూ మూడో అంతస్తుకి నీళ్ల బకెట్లు మోశాను. జబ్బు నెల తర్వాత మొదలైంది, అంతా సర్దుకున్నాక.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. గుండె దడ, చేతులు చల్లబడిపోవడం, నోట్లో ఉప్పు రుచి. ఉప్పు సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. గుండెపోటేమోనని రెండుసార్లు ఆస్పత్రికి పరిగెత్తాం. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది. గ్యాస్ అన్నారొకరు. టెన్షన్ తగ్గించుకోమన్నారు ఇంకొకరు, అదేదో బరువు దింపి పక్కన పెట్టినట్టు. మిక్సీ మోగినా ఉలిక్కిపడేవాణ్ణి. పిల్లలు కుళాయి కట్టకుండా వదిలేస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమంటే, "నాకేమైనా పిచ్చా?" అని రెండు నెలలు నాన్చాను. చివరికి వెళితే, ఆయన మొదట్లోనే మాది ఏ ఊరని అడిగారు. నాగాయలంక దగ్గర అన్నాను. పెన్ను కింద పెట్టి, "డెబ్భై ఏడులో మీకెన్నేళ్లు?" అన్నారు.

ఏడేళ్లు. దివిసీమలో సంవత్సరం చెప్పక్కర్లేదు, ఉప్పెన అంటే చాలు. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది, పదివేల మందికి పైగా పోయారు. నాన్న నన్ను తుమ్మచెట్టు కొమ్మల్లోకి తోసి, అమ్మ కోసం, చెల్లి కోసం వెనక్కి తిరిగాడు. తెల్లారేసరికి నేనొక్కణ్ణే. మోచేతుల మీద ముళ్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. నోట్లో ఉప్పు ఎక్కడిదో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే అర్థమైంది.

గుడివాడలో మా మేనత్త పెంచింది. చిన్నపిల్లాడు, మర్చిపోతాడులే అని చుట్టాలంతా తీర్మానించేశారు. అత్త ఏమీ అనలేదు, ఏమీ అడగలేదు కూడా. నాకోసం రాత్రంతా లాంతరు వెలిగించి ఉంచేది, మామయ్య కిరసనాయిలు లెక్కలు చెబుతున్నా. ఈదురుగాలి మొదలైతే మాత్రం చేటలో బియ్యం పోసి నా ముందు పెట్టేది. "రాళ్లేరు నాన్నా, పొద్దున అన్నం వండాలి." వేళ్లతో గింజల్ని పక్కకి తోస్తూ, ఒక్కో రాయీ తీసి గడప దగ్గర పెడుతూ ఉంటే గాలి ఎప్పుడు ఆగిందో తెలిసేది కాదు.

నా జబ్బు పేరు, పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం తర్వాత మనసుని వదలని భయం), అమెరికా మానసిక వైద్యుల జాబితాలోకి ఎక్కిందే 1980లో. అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్లకి. పసితనంలో అంతటి భయం చూసిన మెదడు కాపలా దించడం మర్చిపోతుందని, హుద్‌హుద్ దాన్ని మళ్లీ లేపిందని డాక్టరు చెప్పారు. రోజుకో మాత్ర. మొదటి మూడు వారాలు వికారం తప్ప ఏమీ లేదు. వారానికోసారి కళ్లు మూసుకుని ఆ రాత్రిని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి, రికార్డు చేసి ఇంట్లో రోజూ వినాలి. పగవాడికి కూడా వద్దనిపించే వైద్యం. ఐదారు వారాలకి అదే కథ వింటూ ఒకరోజు ఆవలించాను. ఆవలింతకి అంత సంతోషపడ్డవాణ్ణి నేనే అయ్యుంటాను.

భయం తన్నుకొచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవాటిని చూసి, ముట్టుకుని, లెక్కపెట్టమనేవారు. చేట సంగతి చెప్పాను. దానికి డాక్టరు ఒక పరిశోధన గురించి చెప్పారు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన దాదాపు ఏడొందల మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారట. కష్టాల్లో పెరిగినవాళ్లలో మూడోవంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లకి కన్నవాళ్లు కాకపోయినా అండగా ఒక పెద్దమనిషైనా ఉండటం అందుకో ముఖ్య కారణమట. "నువ్వు గట్టివాడివిరా" అని జనం అన్నప్పుడల్లా నాకు చిరాకెందుకో అప్పుడు తెలిసింది. కిరసనాయిలు ఖర్చు వాళ్ల లెక్కలో ఎక్కడా లేదు.

పదకొండు నెలలకి మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేశారు. నవంబరులో ఇప్పటికీ నిద్ర పలచగానే ఉంటుంది. కుళాయి మీద అరవడం మానేశాను.

ఆ సంక్రాంతికి గుడివాడ వెళ్లి, "అత్తా, అప్పట్లో మన బియ్యంలో అన్ని రాళ్లుండేవేంటి?" అని అడిగాను.

"మన చేలో పండిన బియ్యంలో రాళ్లెక్కడివిరా," అంది అత్త. "నేనే కలిపేదాన్ని."