నాన్న పేరు నాలుగు రకాలు

మా తమ్ముడు కర్మకాండ చూసుకున్నాడు, నేను కాగితాలు చూసుకున్నాను. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. వాడు బెంగళూరు నుంచి వచ్చాడు, పన్నెండు రోజులూ గడప దాటకూడదు. నేను ఉండేది ఒడిశాలోనే, బరంపురంలో. బస్సెక్కితే మా ఊరు పర్లాకిమిడి వచ్చేస్తాను, పైగా ఒడియా రాయడం, చదవడం వచ్చు. అలా ఆఫీసులన్నీ నా వాటాకి వచ్చాయి.

నాన్న నిరుడు మే నెలలో పోయారు. రాత్రి ఊపిరి అందడం లేదంటే అంబులెన్సులో ఆంధ్ర వైపు ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. సంతకీ, పెళ్ళిళ్ళకీ, డాక్టరు దగ్గరికీ చిన్నప్పటినుంచీ అటూ ఇటూ తిరిగేవాళ్ళమే కాబట్టి అది సరిహద్దని మాకెప్పుడూ అనిపించదు. ఆ రాత్రీ అనిపించలేదు. తర్వాత నాలుగు నెలలపాటు బాగా అనిపించింది.

ఆసుపత్రి కౌంటర్లో పేషెంటు పేరు అడిగారు. ఇంట్లో ఎలా అంటామో అలాగే, ఇంటిపేరు ముందు పెట్టి చెప్పాను. వయసు అడిగితే "డెబ్భై" అన్నాను. ఆయనకి డెబ్భై మూడు. ఆ టెన్షన్‌లో ఎవరు లెక్కపెడతారు? నేను నోటితో చెప్పిన ఆ రెండు ముక్కలే కేస్ షీట్లోకి, అక్కణ్ణుంచి మరణ ధ్రువపత్రంలోకి ఎక్కాయి. తప్పు ఆసుపత్రిది కాదు, నాదే.

ఇంకో గొడవ తేదీది. ఆయన పోయింది రాత్రి 1:40కి. అమ్మకి అది శనివారం రాత్రి. సర్టిఫికెట్‌లో ఆదివారం. "శనివారం పోయిన మనిషిని ఆదివారం అని రాస్తారేంటే?" అని అమ్మ నన్ను నిలదీసింది. పంతులుగారు పంచాంగం తిరగేసి, వారంతో పనిలేదమ్మా, ఆ గడియకి తిథి వైశాఖ బహుళ పంచమి, అదే లెక్క అన్నారు. అమ్మ ఊరుకుంది గానీ ఒప్పుకోలేదు.

ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను. మా ఊరి మనిషి కాబట్టి మా మున్సిపాలిటీలో నమోదు చేయిస్తే సరిపోతుందనుకున్నాను. కుదరదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడే రాయాలి. ఇల్లు ఎక్కడున్నా సరే. ఆసుపత్రిలో పోతే కబురు పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. ఇంట్లో పోతే ఇంటి పెద్దది. గడువు 21 రోజులు. అది దాటి 30 రోజుల్లోపు అయితే కాస్త ఆలస్య రుసుము. నెల దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటిందంటే మెజిస్ట్రేటు ఆర్డరు దాకా వెళ్ళాలి. 2023 సవరణ తర్వాత ఆ ఆర్డరు కలెక్టరో సబ్ కలెక్టరో ఇవ్వొచ్చు. మాకు నమోదు వారంలోనే అయిపోయింది. అవస్థంతా దిద్దుబాటుది.

రిజిస్ట్రారు ఆసుపత్రి పంపిన ఫారంలో ఉన్నదే రాస్తారు. దాన్ని మార్చాలంటే ఆసుపత్రి నుంచి ఒక లెటరు, నాన్న ఆధార్, నా ఆధార్, ఒక అఫిడవిట్ పట్టుకెళ్ళాలి. అందుకని రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి లెటర్ మీద సీలు లేదు. కనుక మీలో ఎవరైనా అలాంటి రాత్రి అలాంటి కౌంటర్ ముందు నిలబడాల్సి వస్తే, పేరు నోటితో చెప్పకండి, ఆధార్ కార్డు చేతికిచ్చి చూసి రాసుకోమనండి. ఆ ఒక్క పని చేసుంటే నాకు నెల రోజులు కలిసొచ్చేది.

సరే, సర్టిఫికెట్ దిద్దించాను. ఇక అయిపోయింది అనుకుని బీరువాలో కాగితాలన్నీ మంచం మీద పరిచాను. అప్పుడు చూశాను, నాన్నకి నాలుగు పేర్లు.

స్కూలు సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత పేరంతా ఒకే ముక్క. సర్వీసు పుస్తకంలో, పెన్షన్ కాగితంలో ఆ పొడి అక్షరం లేదు. పేరు రెండు ముక్కలై, చివరి "రావు" ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. బ్యాంకులో ఇంగ్లీషు స్పెల్లింగు ఒక అక్షరం తేడా. పొలం పట్టాలో ఒడియా అక్షరాల్లో ఉంది, గట్టిగా చదివితే "రాఓ" అని వినిపిస్తుంది. ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళు చాలామందికి ఇది తెలిసిన కథే. ఇక్కడ ఇంటిపేరు చివర ఉండాలి, మనకి మొదట ఉంటుంది. గుమస్తా చివర ఏం కనిపిస్తే దాన్నే ఇంటిపేరు చేసేస్తాడు. మా తమ్ముణ్ణి బెంగళూరు ఆఫీసులో అందరూ "మిస్టర్ రావ్" అంటారు. వాడి అసలు ఇంటిపేరు ఏంటో వాళ్ళావిడ తరఫు బంధువులకి కూడా సరిగ్గా తెలీదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఊరు మద్రాసు నుంచి ఇటు వచ్చింది. తాతయ్య కొన్న పొలం దస్తావేజు మాత్రం అంతకు ముందుది, తెలుగులో ఉంది. దాన్ని చూపిస్తే ఆఫీసులో ఒక కుర్రాడు తలకిందులుగా పట్టుకుని చూశాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో తెలుగు కాగితం చదివేవాళ్ళ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ మాట నాన్న బతికుండగా అంటే అరగంట ఉపన్యాసం ఇచ్చుండేవారు.

ఆ రోజుల్లోనే ఒక ఆఫీసులో ఒడియా ఫారం నింపుతూ, మృతుడి పేరు రాయాల్సిన గడిలో నా పేరు రాసేశాను. సంతకం పెట్టబోతూ చూసుకున్నాను. చెయ్యి వణికింది. కిటికీ అవతల ఉన్నావిడ ఏమీ అనలేదు. ఆ కాగితం తీసుకుని మడిచి డ్రాయర్లో పెట్టేసి, ఇంకో ఫారం ఇచ్చింది. మంచినీళ్ళ సీసా కూడా ఇటు జరిపింది. ఇన్ని నెలల్లో నేను ఏడ్చింది అక్కడే, బయట సైకిల్ స్టాండు పక్కన.

నాలుగు పేర్లూ ఒక్క మనిషివే అని నిరూపించాలి. ఏ పేరు ఎప్పుడు, ఎందుకు మారిందో చెప్పమన్నాడు అఫిడవిట్ రాసే వకీలు. నాకేం తెలుసు? అమ్మని అడిగితే దేవుడి గూట్లోంచి నాన్న పుస్తకం తీసింది.

అది తిథుల పుస్తకం. ఎర్ర అట్ట ఉన్న పొడుగాటి ఖాతా పుస్తకం. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను గానీ ఎప్పుడూ తెరవలేదు. పిల్లలు ముట్టుకోకూడదనేవారు. ఇంట్లో ఎవరి తద్దినం ఎప్పుడొస్తుందో అందులో చూసే చెప్పేవారు. ఎడమ పక్క మనిషి, మధ్యలో తిథి, కుడి పక్క ఇంగ్లీషు తేదీ. తాతయ్య, నాయనమ్మ, వాళ్ళ పైవాళ్ళు. పురిట్లోనే పోయిన మా అన్నయ్య, పేరు పెట్టలేదు కాబట్టి "బాబు" అని మాత్రమే. 2021 మేలో కరోనాతో పోయిన చిన్నాన్న. అక్కడ ఇంకు మరక ఉంది, పెన్ను ఆగిపోయినట్టు.

తర్వాతి పేజీల్లో మా వాళ్ళు కానివాళ్ళు. మాకు పాలు పోసిన ముసలమ్మ. తిత్లీ తుపానప్పుడు కొండ మీద ఊళ్ళో పోయిన శిష్యుడు, సవర పిల్లాడు. పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని అని) వాళ్ళాయన, నాన్నతో పాటు ఇరవై ఏళ్ళు ఒకే స్కూల్లో ఒడియా చెప్పినాయన. ఆయన దగ్గర మాత్రం రెండు నెలల పేర్లున్నాయి: "భాద్రపద బహుళ అష్టమి. వాళ్ళకి ఆశ్విన కృష్ణ అష్టమి." మనకి నెల అమావాస్యతో అయిపోతుంది, ఒడియా వాళ్ళకి పున్నమితో అయిపోతుంది. అందుకని బహుళ పక్షంలో ఇద్దరికీ తిథి ఒకటే, నెల పేరు వేరు. ఆ అష్టమినాడు నాన్న ఏటా పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి కూర్చునేవారు. ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ పేజీ చివర ఇంకో వరస: "చిన్న రైలు, 2004". నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచిన నేరోగేజి బండి అది. పెద్ద లైను వేస్తామని ఆ ఏడాది ఆపేశారు. తర్వాత పెద్ద రైలు వచ్చింది, నాన్న అందులోనూ తిరిగారు. కానీ తిథి గడి ఖాళీగా వదిలేసి, చిన్న రైలుని ఇక్కడ రాసుకున్నారు. నవ్వొచ్చింది.

అన్నిటికంటే వెనక, అట్ట లోపలి వైపు, "నా పేరు" అని గీత గీసి నాలుగూ రాశారు. ఏది ఏ కాగితంలో ఉందో, ఏ సంవత్సరం నుంచో, పెన్షన్ పుస్తకం నంబరు, డిపాజిట్లు ఎన్ని, నామినీ ఎవరు. తాతయ్య పోయినప్పుడు ఇవే తిప్పలు ఆయనా పడ్డారట. అమ్మ చెప్పింది. వకీలు ఆ పేజీ ఫొటో తీసుకుని, గంటలో అఫిడవిట్ తయారుచేశాడు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. వారసుల సర్టిఫికెట్ ఇక్కడ తహసిల్దారు ఇస్తారు. ఆర్ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, విచారణకి వస్తాడు, ఇరుగుపొరుగు చేత చెప్పిస్తాడు. మావుసీ వచ్చి, అడగని ప్రశ్నలకి కూడా జవాబులు చెప్పింది. నాకు పెళ్ళయి ఇంటిపేరు మారింది కదా, ఈవిడ ఆయన కూతురేనని ఏంటి రుజువు అన్నాడు ఆర్ఐ. "నేను దీనికి తల దువ్వి జడలేశాను" అంది మావుసీ ఒడియాలో. అది కాగితం మీదకి ఎక్కలేదు గానీ సంతకం అయిపోయింది.

బ్యాంకులో జాయింటు ఖాతా అమ్మ పేరు మీదకి సులువుగానే మారింది. డిపాజిట్లకి నామినీ అమ్మే. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, వారసులందరి హక్కూ అలాగే ఉంటుందని అక్కడే తెలిసింది. తమ్ముడికీ నాకూ పేచీ లేదు కాబట్టి సరిపోయింది. పదేళ్ళు కదలని ఖాతాల డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళిపోతుంది, అలాగని మునిగిపోదు, అడిగితే ఇస్తారు. అలాంటివి వెతకడానికి 2023లో రిజర్వు బ్యాంకు 'ఉద్గమ్' అని ఒక పోర్టల్ పెట్టింది. అందులో నాన్న పేర్లు ఒక్కొక్కటే కొట్టి చూశాను. మూడోదానికి ఒక పాత ఖాతా దొరికింది. పెద్ద మొత్తమేం కాదు. ఆయన మర్చిపోయిన ఖాతా ఒకటుందంటే నమ్మబుద్ధి కాలేదు, ఎర్ర పుస్తకంలో అదొక్కటే లేదు మరి.

అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ మొదలైన నెలలోనే దీపావళి వచ్చింది. మాకు ఏటిసూతకం, పండగ లేదు. మామూలుగా అయితే నాన్న గోగు కర్రలకి గుడ్డ వత్తులు కట్టి "దిబ్బు దిబ్బు దీపావళి" అని మా పిల్లల చేత కొట్టించేవారు. ఈసారి వీధి లైటు తప్ప మా గుమ్మంలో వెలుగు లేదు. అమ్మా నేనూ అరుగు మీద కూర్చున్నాం.

ఒడియా వాళ్ళు ఆ సాయంత్రం పెద్దల్ని పిలుస్తారు. ఎండిన జనపనార కర్రలు కట్టగా పట్టుకుని వెలిగించి, ఆకాశం వైపు ఎత్తి, "బొడొబొడువా హో, అంధారొరె ఆసొ, ఆలుఅరె జాఅ" అంటారు. పెద్దలారా, చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి అని. ప్రతి ఏడూ గోడ అవతల నుంచి విన్నదే. ఈసారి మావుసీ కర్రలు పట్టుకుని మా గుమ్మం ముందుకే వచ్చింది.

"మీరు వెలిగించొద్దులే, నేను వెలిగిస్తాను. ఎవరెవర్ని పిలవాలో చెప్పండి" అంది.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఎర్ర పుస్తకం తెచ్చింది. కళ్ళజోడు నాన్నది పెట్టుకుంది, తనది దొరకలేదు. మావుసీ చేతిలో మంట వెలుగులో ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదివింది. తాతయ్య, నాయనమ్మ, బాబు, చిన్నాన్న. ప్రతి పేరుకీ మావుసీ "హో" అని కర్రలు పైకెత్తింది. వాళ్ళాయన పేరు వచ్చినప్పుడు రెండుసార్లు ఎత్తింది. పాల ముసలమ్మ, సవర పిల్లాడు.

"చిన్న రైలు" అని చదివింది అమ్మ.

మావుసీ ఆగిపోయి, "రైలునా?" అంది.

"ఆయన రాశారు కదా" అంది అమ్మ.

మావుసీ నవ్వుతూనే కర్రలు ఎత్తింది. "హో."