మేన్ పొదలు, ఉద్దానం చెట్లు

అమెరికా ఈశాన్య కొసనున్న మేన్ రాష్ట్రంలో అడవి బ్లూబెర్రీ చేలను ఎవరూ నాటలేదు. హిమనదాలు కరిగి వెనక్కి తగ్గిన ఇసుక నేలల్లో అవి వాటంతటవే మొలిచి, మట్టిలో పాకే కాండాలతో విస్తరించాయి. మోకాలెత్తుకు మించని ఈ పొదల వైవిధ్యాన్ని కొలిచే జన్యు మార్కర్లను, అంటే మొక్కల మధ్య తేడాను చూపే డీఎన్‌ఏ గుర్తులను, తయారుచేయడం ఇక్కడ నా ఉద్యోగం.

ఒకే కాండం నుంచి లేచిన పిలకలన్నీ జన్యుపరంగా ఒక్క మొక్కే. ఆ మొక్క తన పుప్పొడితో తాను సరిగా కాయదు కనుక, ఒకటి ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియడం రైతు దిగుబడికి ముఖ్యం. ఆకులు ఎర్రబారే కాలంలో రంగుల తేడా కొంత చెబుతుంది గానీ, నిర్ధారణకు డీఎన్‌ఏ చూడవలసిందే. అందులో రెండు మూడు అక్షరాల గుంపు వరుసగా పునరావృతమయ్యే చోట్లను మైక్రోశాటిలైట్లు అంటారు. ఎన్నిసార్లు పునరావృతమైందన్నది మొక్కను బట్టి మారుతుంది. ఇరువైపులా మారకుండా ఉండే భాగాలకు అతికే ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ తునకలను రూపొందించి, పీసీఆర్ అనే నకళ్లు తీసే పద్ధతిలో ఆ ముక్కకు ఎన్నో ప్రతులు చేసి, దాని పొడవు కొలుస్తాం. ఆకుల్లోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు, జిగురు పదార్థాలు డీఎన్‌ఏతో పాటు వచ్చి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. అంతకన్నా కష్టమైనది మరొకటుంది: ఈ జాతి టెట్రాప్లాయిడ్, అంటే క్రోమోజోములు నాలుగేసి ప్రతులుగా ఉండేది కాబట్టి ప్రతి చోటికీ నాలుగు ప్రతులుంటాయి, రెండు పొడవులే కనిపించినప్పుడు అవి రెండేసి ప్రతులుగా ఉన్నాయా, లేక ఒకటి మూడు ప్రతులుగా, మరొకటి ఒక్క ప్రతిగా ఉన్నాయా అన్నది గ్రాఫులోని శిఖరాల ఎత్తును బట్టి తేల్చాలి. నా సమయమంతా దాదాపు ఇక్కడే గడుస్తుంది.

పలాస దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నకు ఫోనులో ఇది వివరిస్తే, ఆయన వెంటనే జీడితోట సంగతి ఎత్తారు. "పిక్క నాటితే మొలిచిన మన పాత పిక్క చెట్లు దేనికదే వేరు గదా, ఇప్పుడేసిన అంట్లన్నీ ఒక్క చెట్టేనన్నమాట" అన్నారు. ఒకే రకం అంట్ల విషయంలో అది అక్షరాలా నిజం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చింది. మా తోటలో పడిపోయిన పిక్క చెట్లతో ఏ గుణాలు పోయాయో చెప్పే ఆధారం ఏదీ మిగలలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మిగిలిన చెట్ల ఆకులు పొట్లం కట్టి పంపనా అని నాన్న అడిగారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీ సంస్థలు మన జీవవనరులతో పరిశోధన చేయాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలని, ఆ పరీక్షలు మన దేశంలోనే చేయవచ్చని చెప్పాను. మార్కర్లు చెట్ల మధ్య తేడా చూపుతాయి గానీ ఏది ముందు పూస్తుందో, దేని పిక్క బరువో చెప్పలేవు. అందుకని ప్రతి పాత చెట్టుకూ రంగుతో నంబరు వేసి, పూత కాలమూ పిక్కల తూకమూ పుస్తకంలో రాసి ఉంచమని నాన్నను కోరాను.