వార్డు సగటులో కనిపించని రేకుల ఇల్లు

హైదరాబాద్‌లో ఏ వార్డు ఎండకు, వరదకు ఎక్కువ దెబ్బ తింటుందో తేల్చమంటే చాలామంది ముందు ఎక్సెల్ షీటు తెరుస్తారు. ఇరవై ముప్పై సూచికలు, వాటికి వెయిటేజీలు, చివర్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మ్యాపు. మ్యాపుకి రెండు రోజులు చాలు. ఆ షీట్లోకి వెళ్లే అంకెలు ఒకదానితో ఒకటి పొసగాలంటే మాత్రం నెలలు పడుతుంది. అసలు పని అక్కడే ఉంది.

ముందు మాటల్ని విడదీసుకోవాలి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నాటి ఐదో నివేదిక రిస్కును మూడు పాళ్లుగా చూపింది. ఎండో వానో వచ్చిపడటం ఒకటి, దాని దారిలో జనం, ఆస్తి ఉండటం రెండోది, ఆ జనం ఎంత తేలిగ్గా దెబ్బ తింటారు, ఎంత త్వరగా తేరుకుంటారన్నది మూడోది. వల్నరబిలిటీ అంటే ఈ మూడోది మాత్రమే. నాలా ఒడ్డున ఉండటం ఎక్స్‌పోజర్. అదే ఒడ్డున రోజుకూలి మీద, అద్దె రేకుల ఇంట్లో ఉండటం వల్నరబిలిటీ. రెండూ ఒకే గడిలో వేస్తే ఒడ్డు మీది అపార్ట్‌మెంటుకీ పక్కనున్న బస్తీకీ ఒకే మార్కు పడుతుంది.

తర్వాత హద్దుల గొడవ. ఇంటి పైకప్పు, మరుగుదొడ్డి, నీటి వసతి లాంటివి వార్డు స్థాయిలో దొరికేది 2011 జనాభా లెక్కల్లోనే. ఆ తర్వాత 2016 ఎన్నికల ముందు జీహెచ్ఎంసీ వార్డుల గీతలు మారాయి, 2025 చివర్లో చుట్టుపక్కల మున్సిపాలిటీలు కలిసి 300 వార్డులయ్యాయి. వార్డు పేరు అదే కదా అని పాత అంకెను కొత్త పేరు పక్కన అతికిస్తే లెక్క మొదట్లోనే చెడుతుంది. విస్తీర్ణం ప్రకారం పంచడం ఇంకో తప్పు. పాత వార్డులో 30,000 మంది ఉన్నారు, 40 శాతం భూమి కొత్త వార్డులోకి వెళ్లింది అనుకోండి. లెక్క ప్రకారం 12,000 మంది అటు వెళతారు, ఆ భూమిలో సగం చెరువైతే వాళ్లలో 6,000 మందిని నీళ్లలో కూర్చోబెట్టినట్టే. ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన భవనాల పొరను బట్టి పంచడం కొంత నయం, కానీ దానికీ లోపాలున్నాయి. గోడకు గోడ ఆనుకున్న నలభై రేకుల ఇళ్లు అందులో ఒకే పెద్ద కప్పుగా కనిపిస్తాయి, ఐదంతస్తుల భవనం ఒక్క ఇల్లుగా లెక్కకొస్తుంది. గృహ విద్యుత్ మీటర్ల సంఖ్య దొరికితే దానితో సరిచూడండి.

ఇక ఎండ. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసే థర్మల్ చిత్రం, అంటే ఉపరితలం వేడిని చూపే చిత్రం, ఉచితం కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. కలెక్షన్ 2, లెవెల్ 2 ఫైల్లోని అంకెను 0.00341802తో గుణించి 149 కలిపితే కెల్విన్లు వస్తాయి, 273.15 తీసేస్తే సెల్సియస్. లెక్క తేలికే. చిక్కల్లా ఆ ఉపగ్రహం మన నెత్తి మీదికొచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో కావడం. మే నెలలో ఆ వేళకు ఊరవతల దున్ని వదిలేసిన పొలాలు అప్పటికే సలసల కాగుతుంటాయి, పాతబస్తీ కాంక్రీటు ఇంకా వేడెక్కుతూ ఉంటుంది. మ్యాపులో శివారు ఎర్రగా, నగరం నడిబొడ్డు చల్లగా కనిపిస్తుంది. దాన్ని బట్టి ర్యాంకులిస్తే తలకిందులవుతాయి. పైగా సెన్సర్ అసలు కొలత 100 మీటర్లది, 30 మీటర్లకు సాగదీసి ఇస్తారు. ఒక్కో గడిలో ఒక్కో ఇల్లు కనిపిస్తుందని భ్రమపడొద్దు. రాత్రి వేడి కావాలంటే ఆక్వా ఉపగ్రహం మీది మోడిస్ సెన్సర్ 2022 దాకా అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో చూసేది. అది కిలోమీటరు గడి, కానీ చూసిన వేళ సరైనది.

ఏ ఉపగ్రహం చూసినా పైకప్పునే చూస్తుంది. మనిషి ఉండేది దాని కింద. లోపలి వేడికి దాన్ని తమంతట తామే రాసుకునే చిన్న పరికరాలు, డేటా లాగర్లే దారి. పెట్టే ముందు అన్నిటినీ ఒక రాత్రంతా ఒకే గదిలో పక్కపక్కన ఉంచి, మిగతావాటి నుంచి అర డిగ్రీ మించి తేడా చూపేదానికి సవరణ రాసుకోవాలి. ఇంట్లో మీటరున్నర ఎత్తులో, గోడకు తగలకుండా, పొయ్యికీ ఫ్రిజ్ వెనక భాగానికీ దూరంగా వైరుతో కట్టాలి. కట్టకపోతే మూడో రోజుకది టీవీ మీదికో దేవుడి గూట్లోకో చేరుతుంది, గ్రాఫు సాయంత్రం దీపం వేళకు ఎగురుతుంది. పది నిమిషాలకో రీడింగు, కనీసం రెండు వారాలు.

అలా కొలిస్తే రేకుల ఇల్లు, స్లాబు ఇల్లు రెండు వేర్వేరు జబ్బులని తెలుస్తుంది. రేకు మధ్యాహ్నం కొలిమిలా ఉంటుంది, పొద్దు గుంకాక త్వరగా చల్లారుతుంది. పై అంతస్తు స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి కిందికి వదులుతుంది. కాబట్టి రేకుల కింద ఇంట్లోనే లక్క గాజులు చేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం ముప్పు, స్లాబు కింద పడుకునేవాళ్లకు నిద్ర కరువు. ‘రేకుల ఇళ్ల శాతం’ అనే ఒక్క సూచికతో ఈ రెండూ పట్టుబడవు.

వరద దగ్గర వాన లెక్కతోనే పొరపాటు మొదలవుతుంది. 2020 అక్టోబరు 13 వానకు బేగంపేటలో 19 సెంటీమీటర్లు నమోదైతే ఘట్‌కేసర్‌లో 32. ఒకే రెయిన్‌గేజి అంకెను నగరమంతా పులమకూడదు. నాలా పొంగేది 24 గంటల మొత్తానికి కాదు, గంటలో కురిసినదానికి. గంటవారీ అంకెలే అడగండి. అదే నెల బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి కింద కాలనీలు మునిగాయి. ఆ కాలనీల వార్డులో ఎంత వాన పడిందో, డ్రైన్లు ఎంత వెడల్పో రాసుకుంటే ఈ నీళ్లు లెక్కలోకి రావు. పైనున్న గొలుసుకట్టు చెరువులు కూడా ఆ వార్డు ఫైల్లోనే ఉండాలి.

ఉచితంగా దొరికే నేల ఎత్తుల నమూనా 30 మీటర్ల గళ్లది, అందులో నాలుగు మీటర్ల నాలా ఉండదు, మేడల ఎత్తు మాత్రం నేల ఎత్తులో కలిసి ఉంటుంది. సెంటినెల్-1 ఉపగ్రహం మీది రాడార్ చెరువును చక్కగా నల్లగా చూపిస్తుంది. ఇళ్ల మధ్య మునిగిన వీధిలో సిగ్నల్ నీటికీ గోడకూ తగిలి తిరిగొచ్చి తెల్లగా పడుతుంది. కాబట్టి టేపు పట్టుకుని తిరగాల్సిందే. కల్వర్టు వెడల్పు, ఎత్తు, అడుగున పూడిక ఎంత, అడ్డంగా వెళ్లిన నీటి పైపు ఎంత మేర మూసేసిందీ రాయాలి. ఇంటి గోడ మీది మరకను రోడ్డు నుంచి కొలవొద్దు. పాత రోడ్డు తవ్వకుండా పైపైన తారు వేస్తూ పోతారు కాబట్టి రోడ్డు పెరుగుతూ ఉంటుంది. గడప నుంచి కొలవండి. ‘మోకాలి లోతు వచ్చింది’ అంటే మోకాలు ఎవరిదో తెలియదు, గోడ మీద చేత్తో చూపించమని అక్కడ టేపు పెట్టాలి. తేదీ అడిగితే గుర్తుండదు, ‘కరోనా ఏడు బతుకమ్మకు ముందు వాన’ అంటే టక్కున చెబుతారు. ఎంత లోతో అడిగినట్టే ఎన్ని గంటలు నిలిచిందో కూడా అడగాలి.

ఇంటింటి సర్వేకు పది శాతం అటూఇటుగా, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 96 ఇళ్లు కావాలి. గల్లీలు ఎంచుకుని తిరిగితే ఒకే గల్లీలో ఇళ్లు ఒకేలా ఉంటాయి కనుక ఒకటిన్నర రెట్లు, అంటే 150 వరకు పట్టుకోండి. అలా 300 వార్డులు తిరగడం ఎవరి తరమూ కాదు. కప్పు, పల్లం, నాలా దూరం చూసి వార్డుల్ని కాదు, బస్తీల్నీ కాలనీల్నీ ఆరేడు రకాలుగా విడగొట్టి, రకానికి 150 ఇళ్లు చేస్తే వెయ్యి అటూఇటుగా తేలిపోతుంది. ఉదయం పదకొండుకు వెళితే కూలికెళ్లినవాళ్లు దొరకరు, ఇంటి ఓనరు అద్దెవాళ్ల తరఫున కూడా జవాబిచ్చేస్తాడు. సాయంత్రం ఆరు తర్వాతో ఆదివారమో వెళ్లి అద్దెవాళ్లనే అడగాలి.

సూచికల్ని సున్నా నుంచి ఒకటికి మార్చేటప్పుడు దిక్కు చూసుకోండి, మరుగుదొడ్డి ఉన్న ఇళ్ల శాతం పెరిగితే బలహీనత తగ్గుతుంది కాబట్టి దాన్ని తిరగేయాలి. చదువు లేకపోవడం, మరుగుదొడ్డి లేకపోవడం, బ్యాంకు ఖాతా లేకపోవడం కలిసి నడుస్తాయి, మూడూ వేస్తే పేదరికాన్ని మూడుసార్లు లెక్కపెట్టినట్టే. బోర్లు ఎక్కువ ఉండటం బలమో బలహీనతో ఒక మాట తేల్చుకోలేకపోతే ఆ సూచిక తీసేయడమే మంచిది. చివరగా వెయిటేజీలు నాలుగైదు రకాలుగా మార్చి చూడండి. ప్రతిసారీ మొదటి ఇరవైలో నిలిచే వార్డులకే గట్టి ఎరుపు వేయండి, వస్తూ పోతూ ఉండేవాటికి గీతల రంగు. ప్రతి అంకె పక్కన అది ఏ ఏటిదో, ఏ హద్దుదో చెప్పే రెండు గళ్లు ఉంచండి.