సైకిల్ షాపు టేపు, మాస్టారి వన్స్ మోర్

మన హైస్కూలు వెనక గేటు దగ్గర సైకిల్ షాపు ఉండేది గుర్తుందా, మైకు సెట్లు కూడా అద్దెకిచ్చే షాపు. ఊళ్ళో పెళ్ళైనా పేరంటమైనా మైకు అక్కణ్ణుంచే వెళ్ళాలి కాబట్టి ఆయన దగ్గర రికార్డులు గుట్టలు గుట్టలుగా ఉండేవి, తర్వాత క్యాసెట్లు. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే అందరూ పుల్లఐసు బండి దగ్గరికి పరిగెత్తితే మేం ముగ్గురం మాత్రం ఆ షాపు బెంచీ మీద వాలిపోయేవాళ్ళం, ఎందుకంటే ఆయన పంక్చర్లు వేసుకుంటూ పొద్దస్తమానం నాటకం పద్యాలే పెట్టుకునేవాడు. ఇది 1980ల మొదట్లో సంగతి. ఆ వయసు పిల్లలకి సినిమా పాటల పిచ్చి ఉంటుంది, మాకూ ఉండేది, కానీ పద్యం పిచ్చి ముందు అది ఆగేది కాదు.

ముగ్గురిలో ఒకడు హార్మనీ బాబాయి కొడుకు. వాళ్ళ నాన్న కాంట్రాక్టు నాటకాలకి హార్మోనియం వాయించడానికి ఊళ్ళు తిరిగేవాడు, అందుకని సోమవారం పొద్దున ప్రేయర్ లైన్లో నిలబడగానే వార్తలన్నీ వీడి దగ్గరే ఉండేవి. ఈ శివరాత్రికి ఏ ఊళ్ళో రాయబారం, ఎవరు మొదటి కృష్ణుడు, ఎవరు రెండో కృష్ణుడు, ఎవరికి గొంతు పట్టేసింది, ఎవరికి ఎన్ని వన్స్ మోర్లు పడ్డాయి, అన్నీ. ఇప్పటి పిల్లలకి చెప్తే ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులేంటి అంటారు. కాంట్రాక్టరు నాలుగు జిల్లాల నుంచి పేరున్న నటుల్ని పిలిపించేవాడు, పడక సీనుకి, అంటే పడుకున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ వచ్చే సీనుకి, ఒక కృష్ణుడు, రాయబారం సీనుకి ఇంకో కృష్ణుడు, హరిశ్చంద్ర అయితే కాటి సీనుకి వేరే హరిశ్చంద్రుడు. రిహార్సల్ లేదు. ఒకాయన ఏలూరు నుంచి బస్సు దిగుతాడు, ఇంకొకాయన తెనాలి నుంచి రైలు దిగుతాడు, మేకప్ వేసుకుంటూ పలకరించుకుంటారు, తెర లేస్తే పాండవులు కౌరవులు అయిపోతారు. అందరికీ నాటకం కంఠతా వచ్చు కాబట్టి నడిచేది. వీళ్ళందర్నీ ఒక తాటి మీద ఉంచేది ఆ హార్మోనియమే అని బాబాయి చెప్పేవాడు, ఏ నటుడిది ఏ శ్రుతో, ఎవరు ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకుంటారో ఆయనకి నోటికి వచ్చు.

నేనూ వాడూ కాక మూడోవాడి ఇంట్లో వాళ్ళ నాయనమ్మ దగ్గర గ్రామఫోన్ పెట్టె ఉండేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ మూడ్ బాగుంటే తీసేది. హ్యాండిల్ తిప్పాలి, పిన్ను మార్చాలి, ఒక పిన్నుతో రెండోసారి పెడితే రికార్డు గీసుకుపోతుందని ఆవిడ ఒప్పుకునేది కాదు. స్థానం నరసింహారావు గారి గురించి ఆవిడ చెప్పే తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాపట్ల మనిషి, మగాయన, సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే కళ్ళార్పకుండా చూసేవాళ్ళట. మీరజాలగలడా పాట సినిమా పాట అనుకుంటారు చాలామంది, అది ఆయన స్టేజీ మీద పాడుకోవడానికి తనే రాసుకున్న పాట, సినిమాలోకి తర్వాత వెళ్ళింది. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పేరు కూడా నేను మొదట విన్నది ఆ పెట్టె ముందు కూర్చునే.

ఆ రికార్డులతో ఒక చిక్కు ఉండేది, అది మాకు చెప్పింది మన తెలుగు మాస్టారు. రికార్డుకి ఒక పక్కన మూడు, మహా అయితే మూడున్నర నిమిషాలే పడుతుంది. స్టేజీ మీద ఒక్క పద్యం రాగంతో కలిపి ఐదారు నిమిషాలు నడిచేది, జనం కోరితే ఇంకా ఎక్కువ. అందుకని రికార్డులో పద్యం పరుగెడుతుంది, చివర రాగం తెంచేసినట్టు ఆగిపోతుంది. "మీరు విన్నది పద్యం కాదురా, పద్యానికి పాస్‌పోర్ట్ సైజు ఫోటో" అనేవారు. మనిషిని చూడాలంటే తిరునాళ్ళకి వెళ్ళాలి అని.

మాస్టారి క్లాసు గుర్తున్నవాళ్ళు ఇది చదువుతుంటే ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. ఛందస్సు అంటే అందరూ భయపడే పాఠం కదా, ఆయన గణాలు బోర్డు మీద రాయకముందే రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకటకవుల పద్యం ఎత్తుకునేవారు. చెల్లియో చెల్లకో అని మేమంతా కోరస్ కలిపితే చెయ్యెత్తి ఆపేవారు. పుస్తకంలో చెల్లియొ అని ఉంది, యొ పొట్టిది, మీరు స్టేజీ వాళ్ళలాగా యో అని సాగదీస్తే భగణం ఎక్కణ్ణుంచి వస్తుంది అనేవారు. చె గురువు, ల్లి లఘువు, యొ లఘువు, భగణం. చెల్లకో, రగణం. తమకు, నగణం. అలా భ ర న భ భ ర వ, ఉత్పలమాల పూర్తయ్యేసరికి మాకు ఒక పద్యం నోటికి, ఒక వృత్తం లెక్కకి వచ్చేసేవి. జెండాపై కపిరాజు శార్దూలం, అలుగుటయే యెరుంగని చంపకమాల. పదో తరగతి పరీక్షలో ఛందస్సు ప్రశ్నకి నేను హాల్లో కూర్చుని పెదాలు కదపకుండా పాడుకుని రాశాను, మన బ్యాచ్‌లో చాలామంది అలాగే రాసి ఉంటారు.

ఇంకోటి. సైకిల్ షాపాయన దగ్గర హరిశ్చంద్ర కాటి సీను క్యాసెట్ ఉండేది, అట్ట మీద నటుడి ఫోటో, కంపెనీ పేరు, అంతే. మేం అందులో పద్యాలన్నీ ఆ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివే అనుకునేవాళ్ళం. మాస్టారు ఒకరోజు ఆ క్యాసెట్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో శ్మశానం పద్యాలు జాషువా గారివిరా, మన వినుకొండ మనిషి, ఆయన పేరు ఇక్కడెక్కడా లేదు చూడండి అన్నారు. ఆయన కోపంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే. జేబులోంచి పెన్ను తీసి అట్ట లోపలి తెల్లకాగితం మీద గుర్రం జాషువా అని గుండ్రంగా రాసి షాపాయనకి ఇచ్చేశారు. ఆ తర్వాత ఎవరికి ఏ క్యాసెట్ దొరికినా మేం ముందు చూసేది పద్యం ఎవరిదో రాశారా లేదా అని. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు నాకు.

నటుల గురించి మేం కొట్టుకోని రోజు లేదు. హార్మనీ బాబాయి కొడుకు షణ్ముఖి ఆంజనేయరాజు గారి పక్షం, ఆ తీపి గొంతు ఇంకెవరికీ లేదనేవాడు. నేను పీసపాటి నరసింహమూర్తి గారి మనిషిని, ఆయన రాగం తగ్గించి మాటకి బరువిస్తారు, కృష్ణుడు నిజంగా సభలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మూడోవాడు ఈలపాట రఘురామయ్య గారి భక్తుడు, నోట్లో వేలు పెట్టుకుని ఈల వేస్తూ పద్యం పలికించడం ఆయనకే చెల్లింది అని రోజూ ఆ ఈల ప్రాక్టీసు చేసేవాడు, ఒక్కరోజూ రాలేదు. హరిశ్చంద్ర దగ్గరికొస్తే మాత్రం డి.వి. సుబ్బారావు గారు అని ముగ్గురం ఒకే మాట.

సరే, అసలు రాయాలనుకున్నది ఆ శ్రీరామనవమి రాత్రి గురించి. మన స్కూలు గ్రౌండ్లోనే పందిరి, రాయబారం. మేం నెల రోజులు సైకిల్ షాపాయన వెంటపడ్డాం, టేప్ రికార్డర్ స్టేజీ కింద పెట్టు, రికార్డు చెయ్యి అని. క్యాసెట్లు మమ్మల్నే తెచ్చుకోమన్నాడు. ముగ్గురం డబ్బులు పోగేసి తొంభై నిమిషాల క్యాసెట్లు రెండు తెచ్చాం, అంటే మొత్తం మూడు గంటలు, నాటకమేమో తెల్లారేదాకా. అందుకని పడక సీను, రాయబారం సీను మాత్రమే పట్టాలని లెక్క వేసుకున్నాం. కరెంటు మైకులకీ లైట్లకే సరిపోదని టేప్ రికార్డర్ బ్యాటరీల మీద నడిపాడు. మధ్యలో పక్క తిప్పే పని నాది. స్టేజీ కింద బొంతల మధ్య పడుకుని, పైన అడుగులు పడుతుంటే దుమ్ము రాలుతుంటే, ఎర్ర లైటు వైపు చూస్తూ విన్నాను ఆ నాటకాన్ని. జెండాపై కపిరాజు ఎత్తుకున్నాక సగంలో టేపు అయిపోయింది. చీకట్లో మూత తీసి, తిప్పి, రెండు మీటలూ కలిపి నొక్కేసరికి పద్యం చివరి పాదంలోకి వెళ్ళిపోయింది. ఆ మధ్య ముక్క పోయింది. దాని గురించి నేను చాలాకాలం బాధపడ్డాను.

తర్వాత చదువులు, ఉద్యోగాలు, ఎవరి దారి వాళ్ళది. క్యాసెట్లు సైకిల్ షాపులోనే ఉండిపోయాయి. పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు షాపాయన కొడుకు అటక సర్దుతూ ఒక డాల్డా డబ్బా తీసి ఇచ్చాడు, అందులో ఉన్నాయి రెండూ, ఒకదాని మీద నా చేతిరాత. టేపు మీద తెల్లగా బూజు పట్టింది, లోపల టేపుని హెడ్డుకి ఆనించే స్పంజి ముక్క ఊడిపోయింది. హైదరాబాదులో మా మూడోవాడు ఉన్నాడు, వాడికి ఇలాంటివంటే ప్రాణం. స్క్రూలు విప్పి టేపు చుట్టల్ని వేరే కొత్త క్యాసెట్ డొక్కలోకి మార్చాడు, పెన్సిల్‌తో మెల్లగా తిప్పుకుంటూ దూదితో తుడిచాడు, రెండు ఆదివారాలు పట్టింది. కంప్యూటర్లోకి ఎక్కించాక నాకు ఫోన్ చేసి, ఒరే ఏదో తేడాగా ఉంది, కృష్ణుడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది అన్నాడు.

నిజమే. సీను నడిచేకొద్దీ గొంతులన్నీ సన్నబడుతూ పోతున్నాయి. ఆ రాత్రి బ్యాటరీలు అయిపోవస్తూ మోటారు నెమ్మదించింది అన్నమాట, నెమ్మదిగా పట్టిన టేపుని మామూలు స్పీడులో పెడితే శ్రుతి పైకి లేస్తుంది. ఎంత లేచిందో ఎలా తెలుస్తుంది? అప్పుడు హార్మనీ బాబాయి కొడుకుకి ఫోన్ చేశాం. బాబాయి లేడు కానీ ఆయన హార్మోనియం పెట్టె ఇంట్లోనే ఉంది. ఆ రోజు నాలుగు శ్రుతి, అంటే హార్మోనియం మీద నాలుగో తెల్ల మెట్టు, నాన్న ఆ కృష్ణుడికి ఎప్పుడూ నాలుగే పెట్టేవాడు అన్నాడు వాడు. ఫోన్లో ఆ మెట్టు నొక్కి పట్టుకున్నాడు, ఇక్కడ వీడు కంప్యూటర్లో స్పీడు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాడు, నాలుగున్నర దాటిన శ్రుతి మెల్లగా దిగి దిగి ఆ మెట్టు మీద కూర్చుంది. అవతల వాడి దగ్గర్నుంచి కాసేపు మాట లేదు. నాన్న బెల్లోస్ కొట్టే చప్పుడు కూడా వినపడుతోందిరా అన్నాడు తర్వాత.

అలుగుటయే యెరుంగని పద్యం అయిపోగానే చప్పట్లు, వాటి మీద ముందు వరసలోంచి ఒక గొంతు, వన్స్ మోర్ అని. స్పీడు సరిచెయ్యకముందు అది ఎవరో కుర్రాడి కేక అనుకున్నాం. సరిచేశాక విన్నాం. మన మాస్టారు. ఆ రెండు మాటల్నీ విడివిడిగా, వన్సు, మోరు, అని పద్యం పదాలు విడగొట్టినట్టు అన్నారు. క్లాసులో ఆయన ఎన్నిసార్లు చెప్పారో, కథ నడుస్తుంటే వన్స్ మోర్ అనకూడదురా, రాయబారానికొచ్చిన కృష్ణుణ్ణి చెప్పిందే మళ్ళీ చెప్పమంటామా అని. ఆ రాత్రి ఆయనే ఉండబట్టలేకపోయారు. వెంటనే మైకులో చదివింపు కూడా వినపడుతుంది, హైస్కూలు తెలుగు పండితులు వారు ఈ పద్యానికి 11 రూపాయలు అని. కృష్ణుడు మళ్ళీ ఎత్తుకున్నాడు, మొదటిసారి కన్నా నెమ్మదిగా, ఒక్కో మాటా విడమరిచి. మాస్టారు పోయి పద్దెనిమిదేళ్ళవుతోంది, వాళ్ళింట్లో ఫోటోలున్నాయి గానీ గొంతు ఎక్కడా లేదట. వాళ్ళమ్మాయికి ఆ ముక్క పంపించాను. రోజూ వింటున్నానన్నయ్యా అని చెప్పింది.

ఇక వార్తలు. మేం ముగ్గురం ఇప్పటికీ సోమవారం ప్రేయర్ లైన్లో లాగానే చెప్పుకుంటాం, ఎక్కడ ఏం ఆడుతున్నారో. లింగంపల్లిలో సురభి వాళ్ళ మాయాబజార్ మీ పిల్లలకి ఒక్కసారైనా చూపించండి, 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన కుటుంబాలు ఇంకా ఆడుతున్నాయంటే మామూలు విషయం కాదు. పల్నాటి వైపు తిరునాళ్ళలో రాయబారం ఇంకా పడుతోంది, అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడి తెలుగు సంఘాల స్టేజీల మీద చూశామని చెప్తుంటారు. మన పూర్వ విద్యార్థుల సభ రోజు సాయంత్రం గ్రౌండ్లో పడక సీను వెయ్యాలని అనుకుంటున్నాం, హార్మనీ బాబాయి పెట్టె మీద వాళ్ళబ్బాయే వాయిస్తాడు, నాలుగు శ్రుతి. అర్జునుడికి ఒకరు కావాలి, పద్యం వచ్చినవాళ్ళు కమిటీకి చెప్పండి. సీను అయ్యాక టేపు వినిపిస్తాం.

ఇంకొక్క మాట. ఆ రాత్రి ఇంకెవరైనా రికార్డు చేసి ఉంటే, అటక మీద పాత క్యాసెట్లు ఉంటే, తీసుకురండి. మీరుగా ప్లేయర్లో పెట్టి చూడకండి, పాత టేపు చుట్టుకుపోయి తెగిపోతుంది, అలాగే పట్టుకొచ్చి మా మూడోవాడి చేతిలో పెట్టండి. జెండాపై కపిరాజు పద్యంలో మధ్య రెండు పాదాలు మాకు కావాలి.