ముద్దగోరింటను విప్పి చూడాలంటే ముద్ద పువ్వు కోయకండి

పేరులో ముద్ద ఉన్నా, నిర్మాణం చూడటానికి ఒంటిరేక పువ్వే కావాలి. ముద్ద పువ్వులో అదనపు రేకలు కిక్కిరిసి, ఏది ఏదో తేలదు.

ముందు వెనకాల వంకీ తిరిగిన సన్నని తోక చూడండి. అది రేక కాదు, రక్షకపత్రం. పడవలా గుంటపడి, కొసన తోకై సాగింది; తేనె ఉండేది అందులోనే. మొగ్గలో అది నిజానికి పైవైపుది. కాడ 180 డిగ్రీలు మెలితిరగడంతో కిందికొచ్చింది. మరో రెండు రక్షకపత్రాలు చిన్న పొలుసుల్లా ఉంటాయి, భూతద్దం లేకపోతే తప్పిపోతాయి. రేకలు మూడే అనిపిస్తాయి గానీ, పక్కల ఉన్న ఒక్కొక్కటీ రెండు రేకల అతుకు. పైదానితో కలిపి ఐదు.

మధ్యలో చిన్న టోపీ ఉంటుంది. ఐదు కేసరాల పరాగకోశాలు అతుక్కుని కీలాగ్రాన్ని మూసేశాయి. సూదితో ఎత్తితే ఊడొస్తుంది. వయసు మీరిన పువ్వులో అదే రాలిపోయి కీలాగ్రం బయటపడుతుంది: ముందు మగ, తర్వాత ఆడ.

ఎండబెట్టి అట్టకు అంటిస్తే ఇవేవీ మిగలవు, పల్చని రేకలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ 1911లో 94 ఏళ్ల వయసులో పోయేదాకా కుస్తీ పట్టింది ఇలాంటి నమూనాలతోనే. కోసిన రోజే భాగాలు విడదీసి విడివిడిగా నొక్కండి, లేదా స్పిరిట్‌లో వేయండి.

విత్తనాలకైతే కాయ ఉబ్బగానే పల్చని గుడ్డ కట్టాలి. ఆలస్యమైతే ముట్టుకోగానే ఐదు పెచ్చులూ లోపలికి చుట్టుకుని గింజల్ని విసిరేస్తాయి. ఆ బలమంతా పెచ్చుల్లోని నీటి ఒత్తిడిదే; వాడిన మొక్క కాయ అంత గట్టిగా పేలదు.

ముద్దగోరింట ఉండే బాల్సమినేసి కుటుంబంలో ప్రజాతులు రెండే. ముద్దగోరింట ప్రజాతి ఇంపేషియెన్స్‌లో వెయ్యికి పైగా జాతులు. పడమటి కనుమలు, తూర్పు హిమాలయాలు, ఆఫ్రికా కొండలు వాటి పుట్టిళ్లు. నీటి ఒడ్డున పెరిగే హైడ్రోసెరాలో ఒక్కటే జాతి. దాని రేకలు అతుక్కోవు, కండగల కాయ పేలదు. తోకను చూసి ఈ కుటుంబాన్ని ఒకప్పుడు జెరానియం పక్కన పెట్టారు. డీఎన్ఏ చూశాక తేలింది, చుట్టరికం తేయాకు, సపోటా, తునికి ఉన్న ఎరికేల్స్ అనే వర్గంతో అని.

గోరింటాకుతో మాత్రం చుట్టరికం దూరమే. అయినా గోరింటను పండించే రంగు పదార్థం లాసోన్ ముద్దగోరింటలోనూ ఉంది. కొరియాలో ఈ పువ్వులు, ఆకులు పటికతో నూరి గోళ్లకు కట్టుకుంటారు.