స్ట్రైకర్‌లో బలం ఉండదు

మా అన్నయ్య కూతురు తొమ్మిదో క్లాసు, సెలవులకి మా ఇంటికొచ్చింది. మొన్న సాయంత్రం క్యారమ్స్ ఆడుతుంటే ఉన్నట్టుండి "బాబాయ్, స్ట్రైకర్ నా వేలు వదిలేశాక కూడా వెళ్తూనే ఉంది కదా, అంటే నేనిచ్చిన బలం దాంట్లో ఇంకా ఉన్నట్టేగా, అది అయిపోయాక ఆగిపోతుంది, అంతేనా?" అంది. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. న్యూటన్ నియమాలు మూడూ దానికి కంఠతా వచ్చు, అడిగితే పొల్లు పోకుండా చెప్తుంది, కానీ మనసులో మాత్రం బలం అంటే బండిలో పెట్రోల్ లాగా లోపల నింపుకునేది.

ఆలోచిస్తే తప్పు పిల్లది కాదు, మన మాటలోనే ఉందేమో అనిపించింది. తెలుగులో బలం అంటే ఒంట్లో ఉండేది. వాడికి బలం ఎక్కువ అంటాం, జ్వరమొచ్చి బలమంతా పోయింది అంటాం, బలానికి టానిక్ తాగమంటాం. ఫిజిక్స్‌లో బలం అలా ఎవరి దగ్గరా ఉండదు, ఒక వస్తువు ఇంకో వస్తువు మీద వేసే తోపుడో లాగుడో, అంతే. అందుకే దానికి ఒక్కటే చెప్పాను, బలం అన్న పదం కనిపించిన ప్రతిసారీ "ఎవరు, ఎవరి మీద?" అని అడుగమ్మా, జవాబు దొరక్కపోతే అక్కడ బలం లేనట్టే అని.

సరే, వేలు వదిలేశాక స్ట్రైకర్ని ముందుకి తోసేది ఎవరు? ఎవరూ లేరు. వెనక్కి లాగేది మాత్రం ఉంది, బోర్డు. బోర్డు శుభ్రంగా తుడిచేసి, పౌడర్ లేకుండా కొట్టించాను, స్ట్రైకర్ సగం దూరం పోయి ఆగింది. పౌడర్ చల్లి మళ్ళీ అంతే మెల్లగా కొట్టమంటే అవతలి అంచుకి తగిలి వెనక్కొచ్చింది. "పౌడర్ కొత్తగా బలమేమన్నా ఇచ్చిందా?" అంటే కాసేపు బోర్డు వంకే చూసి, "లేదు, ఆపేవాళ్ళు తగ్గారు" అంది. గెలీలియో ఆలోచించింది కూడా ఇదే, ఆపే ఘర్షణ పూర్తిగా లేకపోతే కదిలే వస్తువు కదులుతూనే ఉంటుంది కదా అని, దాన్నే న్యూటన్ 1687లో మొదటి నియమంగా పెట్టాడు. 1977లో పంపిన వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక ఇప్పటికీ సెకనుకి దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది, దాన్ని వెనకనుంచి తోస్తున్న ఇంజనేదీ లేదు.

రెండో నియమానికి మా వీధి చివర కట్టే ఇంటి దగ్గరికి తీసుకెళ్ళాను. ట్రాక్టర్ మీంచి ఒకతను ఇటుక విసిరితే కింద ఇంకొకతను పట్టుకుంటున్నాడు, కానీ ఆ పట్టుకోవడం చూడాలి, ఇటుక చేతికి తగిలేలోపే చేతులు దాంతోపాటే కిందికి జారుతున్నాయి, మోకాళ్ళు కూడా కాస్త వంగుతున్నాయి, శబ్దమే రావట్లేదు. లెక్క వేశాం. ఇటుక 3 కిలోలు, వేగం సెకనుకి 4 మీటర్లు అనుకుంటే ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) 12. రెండో నియమం ప్రకారం ద్రవ్యవేగంలో మార్పుని, దానికి పట్టిన టైముతో భాగిస్తే బలం. చేతులు బిగబట్టి సెకనులో 0.03 వంతులోనే ఆపేస్తే ఆ చేతుల మీద 400 న్యూటన్ల బలం పడుతుంది, అంటే 40 కిలోల బరువు మీద పడ్డట్టు. అదే చేతులు జార్చి 0.3 సెకన్లలో ఆపితే 40 న్యూటన్లే (ఇటుక సొంత బరువు ఇక్కడ కలపలేదు). ద్రవ్యవేగంలో మార్పు ఒకటే, టైము పది రెట్లు పెరిగింది, బలం పదో వంతుకి తగ్గింది. ఆయన ఈ సూత్రం చదివాడో లేదో తెలీదు గానీ ఆయన చేతులకి మాత్రం బాగా తెలుసు.

ఇక మూడోది, అందరూ గడగడా అప్పజెప్పేది ఇదే, తికమక పడేదీ ఇక్కడే. చర్య, ప్రతిచర్య సమానం, వ్యతిరేకం అంటే మరి రెండూ కొట్టేసుకుని పోవాలి కదా, ఎద్దులు బండిని ఎంత లాగితే బండి కూడా ఎద్దుల్ని అంతే వెనక్కి లాగుతుంటే బండి అసలెలా కదులుతుంది? నేను చదువుకునే రోజుల్లో ఆ నిర్వచనానికి ఫుల్ మార్కులు వచ్చాయి, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. ఇక్కడ కూడా "ఎవరి మీద?" అని అడిగితే ముడి విడిపోతుంది. ఆ రెండు బలాలు ఒకే వస్తువు మీద లేవు, ఒకటి బండి మీద, ఇంకోటి ఎద్దుల మీద. వేరే వేరే వాటి మీద ఉన్నవి ఎలా కొట్టేసుకుంటాయి? బండి కదులుతుందా లేదా అంటే బండి మీద పడేవి మాత్రమే చూడాలి, ముందుకి ఎద్దుల లాగుడు, వెనక్కి నేల ఘర్షణ. మరి ఎద్దుల్ని ముందుకి తోసేదెవరు? నేల. గిట్టలతో అవి నేలని వెనక్కి తంతే నేల వాటిని ముందుకి తోస్తుంది, అందుకే బురదలో ఎంత గట్టి ఎద్దులైనా జారిపోతాయి. శ్రీహరికోటలో లేచే రాకెట్ కూడా నేలనో గాలినో తన్ని లేవదు, తనలోంచి వదిలే వాయువుని కిందికి తోస్తుంది, ఆ వాయువు దాన్ని పైకి తోస్తుంది, అందుకే గాలి లేని చోట కూడా పని చేస్తుంది.

చివర్లో ఒక పరీక్ష పెట్టాను. టేబుల్ మీద పుస్తకం ఉంది, దాని బరువుకి ప్రతిచర్య ఏది? టేబుల్ పైకి తోసే బలం అంది వెంటనే, చాలామంది పెద్దవాళ్ళూ అదే అంటారు. బరువు అంటే ఎవరు ఎవర్ని లాగడం? భూమి పుస్తకాన్ని. దాన్ని తిరగేసి చెప్పు అన్నాను. "పుస్తకం... భూమిని?" అని ఆగిపోయింది. అవును, అంతే బలంతో, పైకి.

"అయితే నేను దూకినా భూమి నా వైపుకి వస్తుందా బాబాయ్?"

వస్తుంది. భూమి నీకన్నా అంత బరువైంది కాబట్టి అది జరిగే దూరం పరమాణు కేంద్రకం కన్నా కోట్ల రెట్లు తక్కువ, ఏ స్కేలుకీ అందదు, కానీ వస్తుంది అన్నాను. వెంటనే వెళ్ళి అరుగు మీంచి రెండుసార్లు దూకొచ్చింది.