ఏలీయా గుహకి ఒక గురువారం

డబ్బా దీపాన్ని బల్ల మీద పెట్టగానే సబా కళ్ళజోడు నుదుటి మీదకి జరిపి దాన్ని కాసేపు చూశారు. చిన్న రేకు డబ్బాలో మైనం పోసి, మధ్యలో ఒత్తి పెట్టి అమ్ముతారు. సూపర్‌మార్కెట్లో అగ్గిపెట్టెల పక్కనే దొరుకుతుంది. ఒక రోజంతా వెలుగుతుంది. దాని పేరు నేర్ నెషమా, అంటే ఆత్మదీపం.

"ఇది ఎక్కడికి?" అని అడిగారు.

"రేపు హైఫా వెళ్తున్నా కదా సబా. ఏలియాహు గుహలో వెలిగిద్దామని."

"ఇది చనిపోయినవాళ్ళకి వెలిగించేది. ఏలియాహు చనిపోయాడని నీకెవరు చెప్పారు?"

నవ్వుతూనే అన్నారు గానీ నాకు జవాబు తట్టలేదు. ఏలియాహు అంటే మన బైబిల్లోని ఏలీయా ప్రవక్తే. నిజం చెప్పాలంటే, ఆ దీపం ఏలీయా కోసం కొనలేదు.

సబా అంటే హీబ్రూలో తాత. నాది నిజామాబాద్ జిల్లా. మావైపు నుంచి గల్ఫ్‌కి పోయినట్టే ఇజ్రాయెల్‌కీ చాలామంది వచ్చాం, పెద్దవాళ్ళని చూసుకునే కేర్‌గివర్ పనికి. నేను చూసుకునే ఈ పెద్దాయన రిటైరైన బడిపంతులు, తొంభైకి దగ్గర్లో ఉన్నారు. రోజూ పొద్దున కాఫీ తాగి, యూదుల పెద్ద ధర్మగ్రంథం తాల్మూద్‌లో ఒక దాఫ్ చదువుతారు. దాఫ్ అంటే రెండు వైపులా కలిపి ఒక ఆకు. అలాంటివి మొత్తం 2,711. రోజుకొకటి చొప్పున ఏడున్నరేళ్ళ లెక్క. ఈ లెక్కలో చేరినవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఆ రోజు ఆ ఆకే చదువుతారు. ఆయన పైకి చదువుతుంటే నేను పక్కన కూరగాయలు తరుగుతూ వింటాను. చాలావరకు ఆరామిక్ భాష, నాకేం అర్థం కాదు. తెలిసిన పేరు చెవిన పడితే మాత్రం కత్తి ఆపి, "ఏమన్నారు?" అని అడుగుతాను. అలా నేను ఎక్కువసార్లు కత్తి ఆపింది ఏలీయా దగ్గరే.

మా ఊరి సీఎస్ఐ గుడి సండే స్కూల్లో ఏలీయా బొమ్మ చార్ట్ ఉండేది. నిప్పులు కక్కే గుర్రాలు, రథంలో గడ్డం తాత, కింద నోరు తెరుచుకుని శిష్యుడు ఎలీషా. ఆయన చనిపోలేదు, రథమెక్కి పరలోకానికి వెళ్ళాడని నేర్చుకున్నాం. అందులో అనుమానించేదేముంది? సబా ఒకరోజు నా తెలుగు బైబిలే తీయించి రాజులు రెండో గ్రంథం రెండో అధ్యాయం చదివి అర్థం చెప్పమన్నారు. చదివితే తెలిసింది, అగ్ని రథం వచ్చి ఇద్దర్నీ వేరు చేసింది, అంతే. ఏలీయా వెళ్ళింది "సుడిగాలిచేత". రథమెక్కినట్టు అక్కడ లేదు. ముప్పై ఏళ్ళుగా చదువుతున్న వాక్యం. నాకు సిగ్గేసింది.

2021 మేలో మా బాపు పోయాడు. కోవిడ్ రెండో వేవ్. ఇక్కణ్ణుంచి కదిలే దారి లేదు. తమ్ముడు వీడియో కాల్ చేశాడు. దూరంగా ఒక అంబులెన్సు, పీపీఈ కిట్లు వేసుకున్న నలుగురు, తెల్లటి ప్యాకింగు. మొహం చూపించరా అంటే, విప్పనియ్యరు అక్కా అన్నాడు. సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి మట్టి పోశారు.

నెల తర్వాత ఒక పార్శిల్ వచ్చింది. సెలవు మీద ఊరికి పోయిన మావాడొకడి చేతికి బాపు ఏప్రిల్‌లోనే ఇచ్చి పంపాడట. విమానాల గొడవలో అతను అక్కడే ఇరుక్కుపోయి, జూన్‌లో వచ్చాడు. రెండు కిలోల కారం. అట్ట మీద స్కెచ్ పెన్నుతో నా పేరు, బాపు రాతే. సబా ఆ అట్టని చేతిలోకి తీసుకుని, "యెహోరాముకి వచ్చిన ఉత్తరంలాంటిది ఇది" అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. యూదా రాజు యెహోరాముకి ఏలీయా దగ్గర్నుంచి ఒక తాకీదు వచ్చిందని బైబిల్లో దినవృత్తాంతాల గ్రంథంలో ఉంది. లెక్క కడితే అప్పటికే ఏలీయా వెళ్ళిపోయాడు. మరి ఎవరు రాసినట్టు? సేదెర్ ఓలామ్ అనే పాత కాలక్రమ గ్రంథం తడుముకోకుండా చెబుతుంది, ఆయన దాగి అప్పటికి ఏడేళ్ళయిందని. పోయి ఏడేళ్ళని కాదు, దాగి ఏడేళ్ళని.

ఆ గ్రంథం రబ్బీ యోసేదని చెబుతారు. రబ్బీ అంటే యూదుల మతగురువు. రెండో శతాబ్దం, గలిలయలోని సిప్పోరి ఊరి పెద్దాయన. నాకు వీళ్ళందరిలో ఇష్టమైనవాడు ఈయనే. జూలైలో తాల్మూద్‌లోని సుక్కా అనే భాగంలో అయిదో ఆకు వచ్చింది. అందులో రబ్బీ యోసే అంటాడు: దేవుని సన్నిధి ఎన్నడూ కిందికి దిగలేదు, మోషే గానీ ఏలీయా గానీ ఎన్నడూ పైకి ఎక్కలేదు. కీర్తన చెప్పింది కదా, ఆకాశాలు దేవునివి, భూమి మనుషులది. మరి సుడిగాలి సంగతేంటని అడిగితే, పది బెత్తల లోపలే ఆగిపోయాడని జవాబు. సబా లేచి తన చేత్తో ఒక్కొక్క బెత్తెడే కొలిచి చూపించారు, నేను కూరగాయలు తరిగే బల్ల ఎత్తుకి వచ్చింది. "ఇంతే. స్వర్గం దాకా లేదు, నీ ఉల్లిపాయల దాకా!"

చిత్రమేంటంటే, ఏలీయా పైకే వెళ్ళలేదన్న ఈ రబ్బీ దగ్గరికి ఏలీయా రోజూ వచ్చేవాడట. ఒకసారి ఈయన ప్రసంగంలో "ఏలీయా కోపిష్టి" అన్నాడు. మూడు రోజులు ఏలీయా మొహం చాటేశాడు. నాలుగో రోజు వస్తే, ఏమైపోయారండీ అని అడిగాడు. నన్ను కోపిష్టి అన్నావు కదా అని ఏలీయా. చూశారా, కోపం వచ్చేసింది కదా అని రబ్బీ యోసే! సబా ఈ కథ నాకు నాలుగుసార్లు చెప్పుంటారు, నాలుగుసార్లూ మొదటిసారే అన్నట్టు నవ్వారు.

హైఫా ప్రయాణం 2022 మార్చిలో. శుక్రవారం వెళ్ళొస్తానంటే సబా వద్దన్నారు. విశ్రాంతిదినం ముందురోజు, పండగ ముందురోజు ఏలీయా రాడని తాల్మూద్‌లో హామీ ఉందట. ఎందుకంటే ఆ రోజు ఇళ్ళల్లో వంటల హడావుడి, ఎదురెళ్ళి ఆహ్వానించడానికి ఎవరికీ తీరిక ఉండదు! ఈ ఒక్క మాటకి ఆ రబ్బీలందరికీ దండం పెట్టాలనిపించింది. శుక్రవారం మధ్యాహ్నం నా వంటింటి అవతారం చూసిన రబ్బీ ఎవరో రాసుంటారు.

గురువారం పొద్దున సబా కూతురు వచ్చాక బయల్దేరాను. రైల్లో ఎడమవైపు కిటికీ దొరికింది, దారంతా సముద్రమే. మాస్కు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. 2019లో మా తెలుగు సంఘం వాళ్ళతో యొర్దాను నది ఒడ్డుకి వెళ్ళినప్పుడు బస్సంతా పాటలు. యెరికో దగ్గర ఖసర్ అల్ యహూద్ అనే రేవు. ఏలీయా దుప్పటితో నీళ్ళని కొడితే విడిపోయింది అక్కడేనని చెబుతారు. అవతల జోర్డాన్ దేశం, ఆయన వెళ్ళిపోయిన గుట్ట అటువైపు. నది చూసి నా పక్కనున్న అక్క, "గిదేనా? మా ఊరి కాలువ నయం" అంది. నిజమే, అవతలి ఒడ్డు మనుషుల కళ్ళు కనబడేంత సన్నం. దాటడానికి మాత్రం లేదు, తుపాకులతో సైనికులు.

హైఫాలో బస్సెక్కి ముందు కొండ మీదకి వెళ్ళాను, స్టెల్లా మారిస్ అనే మఠానికి. కర్మెలీయులనే క్రైస్తవ సన్యాసులది. గోపురం లోపలివైపు రంగుల చిత్రాలు. తలెత్తి చూస్తే అదిగో, మా సండే స్కూల్ చార్ట్! అగ్ని రథం, గుర్రాలు, అందులో ఏలీయా. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. బలిపీఠం కిందే ఒక చిన్న గుహ, ఏలీయా ఉన్నది ఇక్కడేనని వాళ్ళ నమ్మకం. మోకరించి ప్రార్థన చేసుకుని బయటకొచ్చాను.

యూదులు నమ్మే గుహ ఇది కాదు, కింద ఉంది. లైట్‌హౌస్ పక్కనుంచి సముద్రం వైపు దిగే దారి, కొంత మెట్లు, కొంత గులకరాళ్ళు. నా చెప్పులు జారుతున్నాయి. రాళ్ళ సందుల్లో అక్కడక్కడా ఎర్రటి పూలు. బ్యాగులో రేకు డబ్బా, మామూలు తెల్ల కొవ్వొత్తుల ప్యాకెట్టు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. ప్యాకెట్టు సబా ఇచ్చారు, "దేనికైనా మంచిది, రెండూ పట్టుకెళ్ళు" అని.

దిగుతూ బాపు గురించే ఆలోచించాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఫిబ్రవరిలో సబా చదివిన ఆకు గురించి. తాల్మూద్‌లో మోయెద్ కతాన్ అనే భాగం, 26వ ఆకు. చావుకి బట్టలు చింపుకునే నియమాల చర్చ. గురువు పోతే బట్ట చింపుకోవాలి, ఎలీషా చింపుకున్నాడు కదా అని రుజువు చూపిస్తారు. అక్కడ రేష్ లకీష్ అనే రబ్బీ తన బావమరిది రబ్బీ యోహానాన్‌ని అడ్డుకుంటాడు: "ఏలీయా బతికే ఉన్నాడు కదా!" యోహానాన్ జవాబు: మళ్ళీ కనబడలేదని రాసి ఉంది కాబట్టి, ఎలీషా మట్టుకు చనిపోయినట్టే.

ఇద్దరూ గలిలయలోని తిబెరియ ఊరివాళ్ళు, మూడో శతాబ్దం. తర్వాత ఒక వాదంలో యోహానాన్ మాట జారాడు, ఇద్దరికీ చెడింది, రేష్ లకీష్ మంచం పట్టి పోయాడు. అప్పుడు యోహానాన్ "ఎక్కడున్నావు బార్ లకీషా" అని అరుస్తూ బట్టలు చింపుకుని తిరిగాడట. ఇది చెప్పి సబా పుస్తకం మూసేశారు. ఆ రోజు నవ్వలేదు.

ఎలీషా మట్టుకు చనిపోయినట్టే. నాకు తిరగబడింది. బాపు పోయాడు, సర్టిఫికెట్ ఉంది. కానీ నేను మొహం చూడలేదు. నా మట్టుకు మా ఊళ్ళో, గడపలో కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే ఇప్పటికీ, "బాపు తిన్నాడా" అనబోయి నాలుక కరుచుకుంటాను.

అందరూ ఏలీయాని బతికించలేదు. కొన్ని వందల ఏళ్ళ కిందటి పండితుడు, ఫ్రాన్సులోని నర్బోన్ ఊరి రబ్బీ దావీదు కింహీ, రదాక్ అంటారు, చాలా సూటిగా రాశాడు. గాలి ఆయన్ని తేలికైన వస్తువుని లేపినట్టు లేపింది, దుప్పటి తప్ప బట్టలు కాలిపోయాయి, ఒళ్ళు ఏ మూలకానికి ఆ మూలకంగా విడిపోయింది, ఆత్మ ఇచ్చినవాడి దగ్గరికి చేరింది. అంటే చనిపోయాడనే. రాసి, ఆ వెంటనే, జనమూ మన జ్ఞానులూ మాత్రం దేవుడు ఆయన్ని ఒంటితోనే ఏదెను తోటలో ఉంచాడంటారని ఆ మాట కూడా చేర్చాడు. రెండూ ఒకే చోట! మా గుడిలో మొదటి సగం చెబితే రెండో సగం దాకా ఎవరూ ఆగరు.

ఇంకొకటి నాకు నేనుగా తట్టింది. చావు కావాలని నోరు విడిచి అడిగినవాడు ఏలీయా. యెజెబెలు రాణికి భయపడి అడవికి పారిపోయి, మన తెలుగు బైబిల్లో బదరీవృక్షం అన్నారు గానీ ఇక్కడ చూస్తే నీడ కూడా సరిగా లేని ఎడారి పొద, దాని కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. అడిగినాయనకి ఇవ్వలేదు. బాపు అడగలేదు.

గుహ ముందు రోడ్డు, రోడ్డుకి అటువైపు మ్యూజియంలో గట్టెక్కించిన పాత ఓడ. గుహ లోపల చల్లగా ఉంది. ఆడవాళ్ళకొక వైపు, మగవాళ్ళకొక వైపు, మధ్యలో అడ్డు. గోడల మీద ఎప్పటివాళ్ళో గ్రీకు అక్షరాలు చెక్కారు. అరబ్బులు ఈ చోటుని అల్ ఖద్ర్ పేరుతో పిలుస్తారు. మన హైదరాబాద్ ముస్లింలు ఖిజర్ అనేది ఆయన్నే. ఆయనకీ చావు లేదంటారు. నలుగురు ఆడవాళ్ళు కీర్తనల పుస్తకాలు మొహానికి దగ్గరగా పెట్టుకుని గొణుగుతున్నారు. ఒకామె రాతిగోడకి చెంప ఆనించి నిలబడింది, ఎంతసేపటికీ కదల్లేదు. రాయి చెమ్మగా ఉంది, నా చేతికి అంటింది.

కొవ్వొత్తులు వెలిగించే చోటుకి వచ్చి బ్యాగులో చెయ్యి పెట్టాను. డబ్బా తగిలింది. దాన్ని వదిలేసి తెల్ల కొవ్వొత్తి తీశాను. సముద్రపు గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. మూడోది ఆరిపోయాక, తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఒక ముసలామె వచ్చి రెండు చేతులూ దోసిలిలా అడ్డం పెట్టింది. వెలిగింది.

"ఎవరికమ్మా?" అంది.

"మా నాన్నకి."

"ఎక్కడుంటాడు?"

"ఇండియాలో. మా ఊళ్ళో."

"ఎన్నేళ్ళు?"

"డెబ్బై రెండు."

"అద్ మేయా వెఎస్రీమ్" అంది నా భుజం తట్టి. నూటఇరవై దాకా. బతికున్నవాళ్ళకి ఇక్కడ అందరూ ఇచ్చే దీవెన అది, మోషే బతికినన్నేళ్ళు.

ఆమె తప్పు అనుకుందని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట "ఆమెన్".

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సబా మెలకువగానే ఉన్నారు. "కనబడ్డాడా?" అన్నారు.

"లేదు సబా. ఒక ముసలామె కనబడింది."

"ఎలాంటి ముసలామె?" అని ఆయన చాలా సీరియస్‌గా అడిగారు. ఏలీయా రకరకాల వేషాల్లో వస్తాడని వాళ్ళ కథల్లో ఉంటుంది కదా. స్కార్ఫ్ కట్టుకుంది, కీర్తనల పుస్తకం పట్టుకుంది, అంతే సబా అన్నాను. ఊఁ అన్నారు. మందులు ఇచ్చి, దిండు సర్ది, లైటు తీసేశాను.

డబ్బా వంటింటి అరలో పెట్టాను, బాపు పంపిన కారం పక్కన. కారం అడుక్కి వచ్చింది.